చోడిపిండియు, చాకొలేటును

అర్ధసంవత్సర పరీక్షలు ముగియవచ్చినవి. వసతిగృహపు బాలబాలికలు పెట్టెలు సర్దుకొనుచున్నారు. తెల్లవారుజామున సాలూరు కొండల చెంత దట్టముగా పట్టిన మంచు ప్రొద్దెక్కినను విడువకున్నది. ఇట్టి దినములలో పిల్లలు మనలను కోరు వస్తువులలో వేడి చాకొలేటు ఒకటి. చలనచిత్రములందును, ఇప్పుడు చేతిలోని ఫోనులందును వారు దానిని చూచుచున్నారు: కిటికీ వెలుపల మంచు కురియుచుండును, లోపల పొయ్యి మండుచుండును, అందరి చేతులలోను నురుగు తేలు పాత్రలుండును. మన శ్రీకాకుళమునను, విజయనగరమునను మంచు కురియదు. అయినను కోరిక తప్పు కాదు. దానిని తీర్చుటకు మనము త్రొక్కిన త్రోవయే తప్పని మా అభిప్రాయము. అంగడికిపోయి ఒక డబ్బా కొని, రెండు చెంచాల పొడి వేడిపాలలో కలిపి యిచ్చి, అదియే చాకొలేటనియు, పైపెచ్చు అది బలకరమైన ఆహారమనియు మనము నమ్ముచున్నాము. అట్లు కాక, చిక్కని, రుచిగల చాకొలేటును ఈ సెలవులలో ఇంటనే కాచుకొనవచ్చుననియు, దానికి కావలసిన వస్తువులలో మొదటిది మన అటకమీది చోడిపిండియే యనియు చెప్పుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

దీనికి కారణము క్రిందటి డిసెంబరులో జరిగిన యొక చిన్న సంగతి. వసతిగృహమున నున్న తన కుమారుని చూచిపోవుటకు పార్వతీపురము ఆవలి పల్లెనుండి ఒక తల్లి వచ్చెను. వేయించి విసరిన చోడిపిండి రెండు కిలోలు సంచిలో కట్టి తెచ్చెను. బాలుడు ఆ సంచిని స్నేహితుల కంటబడకుండ మంచము క్రిందికి త్రోసి, దానిపై పాతదుప్పటి కప్పెను. తల్లి అది చూచెను. వానితో నేమియు అనక, వెలుపలికి వచ్చి మాతో ననెను: “ఏటి మేస్టారూ, మా గుంటడికి అంబలంటే నామోషీ అయిపోనాది. ఆడి తాత ఆ అంబలి తాగే కదా కొండ దున్నినాడు.” మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ సాయంకాలమే ఆ బాలుడు డబ్బాపొడి కలిపిన పాలు త్రాగి, మూతిమీది పాలమీసమును తుడుచుకొనుచు మా యెదుటినుండి పోయెను. అంబలికి సిగ్గు, డబ్బాకు గర్వము! చరిత్ర తెలిసినయెడల ఈ రెంటికిని తావుండదు.

ఆ చరిత్ర యిట్టిది. కోకోచెట్టు దక్షిణ అమెరికా ఖండపు అమెజాను అడవులది. ఇప్పటి ఈక్వడారు దేశమున సుమారు 5,300 సంవత్సరముల క్రిందటనే జనులు దాని కాయలను వాడుచుండిరని 2018లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతములవారు దాని గింజను వేయించి, నూరి, నీటిలో కలిపి త్రాగిరి. చాకొలేటు బిళ్లయై నోటిలో కరగుట మొన్నటి మాట. ఇంగ్లండులో తినదగిన బిళ్లను పోసినది 1847లో. స్విట్జర్లండులో డేనియల్ పీటరు పాలచాకొలేటు చేసినది 1875లో. అంతకు పూర్వము వేల సంవత్సరములు చాకొలేటనగా త్రాగునదియే. దానిని చిక్కపరచుటకు వారు వాడినదేమి? మీగడ కాదు, మొక్కజొన్నపిండి. సున్నపునీట ఉడికించి నూరిన మొక్కజొన్నతో వారు జావ కాచుదురు. అందు కోకోముద్ద కలిపినచో నేటికిని మెక్సికోలో చాంపురాడో అని పిలుచు పానీయమగును. దానికి తీపినిచ్చునది పిలోన్సియో, అనగా చెరకురసమును కాచి అచ్చుపోసిన గోధుమరంగు బెల్లపు దిమ్మ. దానిని మన అనకాపల్లి సంతలో పెట్టినచో వేరుదేశపు సరుకని ఎవ్వరును కనిపెట్టలేరు. ఆ దేశమున క్రిస్మసు దినములలో ఇంటింట కాచు పానీయములలో ఇది యొకటి. ఫిలిప్పీను దీవులకు ఈ పేరు పోయి, అచ్చట మొక్కజొన్నకు బదులు బియ్యము చేరినది. ఒక దేశమున మొక్కజొన్న, ఒక దేశమున బియ్యము చేరగా, మన మెట్టపొలముల చోళ్లు చేరుట యెట్లు అపచారమగును? పంట మారెను, బెల్లము నిలిచెను, జావ నిలిచెను. మంచముక్రిందికి త్రోయబడిన పిండియే చాకొలేటునకు సరియైన చుట్టమని ఆ బాలునికి ఎవరును చెప్పలేదు. మాకును అప్పటికి తెలియదు.

పరికరముల సంగతి ఇంకను వింత. మెక్సికో స్త్రీలు కోకోను నూరు రాయికి మెటాటే యని పేరు. దానిక్రింద నిప్పుకణికెలుంచి రాతిని వెచ్చజేసి నూరుదురు. ఏలయన గింజలో సగపాలు కొవ్వు గలదు, వెచ్చదనమునకు అది కరగి పొడి ముద్దగా మారును. మనకు రుబ్బురోలు గలదు. వారు నురుగు తెప్పించుటకు రెండు అరచేతులనడుమ గిరగిర త్రిప్పు కొయ్యసాధనమును మొలినియో యందురు, దాని బొమ్మను తరగతిలో చూపగా బాలికలందరును ఒక్కమారుగా “కవ్వము!” అని అరచిరి. స్పెయినువారు రాకమునుపు మాయా జాతివారు ఎత్తునుండి ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి పోసి నురుగు తెప్పించెడివారు. సుమారు 7వ లేక 8వ శతాబ్దినాటి ఒక మాయాపాత్రపై ఒక స్త్రీ నిలువబడి ఆ విధముగ పోయుచున్న చిత్రము గలదు. ఆ పాత్ర ఇప్పుడు అమెరికాలోని ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నది. మన విజయనగరము కూడలిలో టీ దుకాణదారుడు చేయునది మరేమి?

ఇక గింజ యెచ్చటిది యను ప్రశ్న. చాకొలేటు గింజ విదేశములనుండియే వచ్చునని మన పిల్లలలో అనేకుల తలంపు. ఇండియాకు కోకోమొక్క 1798లో తమిళదేశపు కుర్తాళమునకు వచ్చినది; కాని పంటగా పాతుకొనినది 1960 తరువాత కేరళమున. పిమ్మట గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో, చెట్టుకును చెట్టుకును నడుమ నీడను పెరుగు అంతరపంటగా వ్యాపించి, నేడు భారతదేశమున కోకో పండించు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమే మొదటిది. ఏలూరు చుట్టుప్రక్కల తోటలలో కాయ చెట్టు మొదలునకే కాయును, పనసవలె. దానిని పగులగొట్టి, తెల్లని గుజ్జుతోకూడిన గింజలను బుట్టలలోనో కొయ్యపెట్టెలలోనో పోసి, అరటియాకులు కప్పి, నడుమ త్రిప్పుచు అయిదారు దినములు పులియబెట్టుదురు. ఆ పులుపే చాకొలేటు వాసనకు మొదలు. రాత్రి కలిపియుంచిన అంబలి పులియుటను చూచి ముక్కు మూసుకొను బాలుడు, తాను మెచ్చు చాకొలేటును ఇట్లే పులిసి వచ్చినదని తెలిసికొనవలెను. పులిసిన గింజను ఎండలో ఆరబెట్టి, తేమ నూటికి ఏడు పాళ్లకు తగ్గినతరువాత అమ్ముదురు.

ఆ గింజలలో ఎక్కువ పాలు పెద్ద కంపెనీల కొట్లకు పోవును. ఇటీవల మార్పు కొంత కానవచ్చుచున్నది. 2023లో హైదరాబాదు బంజారాహిల్సున వెలసిన మనం చాకొలేటు కార్ఖానా గోదావరి గింజతోడనే చాకొలేటు చేసి దేశాంతరముల బహుమానములు పొందినది. అరకు కాఫీకి 2017లో పారిసు నగరమున దుకాణము తెరచినపిదప గాని మనలో అనేకులు దాని పేరు గొప్పగా చెప్పుకొనలేదు. కోకో విషయమునను అట్లే కానున్నదేమో! కాని రైతు స్థితి నిలుకడగా లేదు. 2024లో ప్రపంచపు విపణిలో కోకో ధర టన్నునకు 10,000 డాలర్లు దాటగా తోటలవారు సంతసించిరి. 2025లో అది పడిపోగా గోదావరిసీమ రైతులు గిట్టుబాటు ధరకై వీధులకెక్కిరి. ఒక యింటిలో కాచుకొను పావుకిలో గింజలు ఆ ధరను నిలుపలేవని మాకు తెలియును. అయినను రైతువద్దనో, చిన్న తయారీదారునివద్దనో కొను ఇండ్లు వేలకు పెరిగినప్పుడు, కొనువారు నలుగురే యుండు సంతకంటె అది రైతునకు మేలని తలంచుచున్నాము.

ఇందు మరియొక సంగతి గలదు. దానిని పిల్లలకు చెప్పవలెనా వలదా యని మాలో మేము చర్చించుకొని, చెప్పవలెననియే నిశ్చయించితిమి. 1824లో బర్మింగుహాము నగరమున జాన్ కాడ్బరీ యను క్వేకరు మతస్థుడు టీ, కాఫీ, కోకోలు అమ్ము అంగడి తెరచెను. సారాయికి బదులుగా జనులు కోకో త్రాగవలెనని ఆ మతస్థుల యాశయము. అది మంచి యాశయమే. కాని అట్టివారి కార్ఖానాలకే పోర్చుగీసువారి సావోటోమే దీవినుండి వచ్చు కోకో బానిసలవంటి కూలీల చేతులమీదుగా వచ్చుచున్నదని 1901లోనే వినవచ్చినది. వారు విచారణలు జరిపి, జరిపి, తుదకు 1909లో ఆ కోకోను కొనుట మానిరి. ఎనిమిదేండ్లు పట్టెను! ఆ కథ ముగిసెననుకొనవలదు. ప్రపంచపు కోకోలో సగమునకు పైగా పండించు ఐవరీకోస్టు, ఘానా దేశములలో సుమారు 15 లక్షల 60 వేలమంది బాలబాలికలు కోకోతోటలలో బాలకార్మికులుగా నున్నారని చికాగో విశ్వవిద్యాలయపు పరిశోధనాసంస్థ 2020లో లెక్కకట్టెను. వారు మీ యీడువారే. చాకొలేటు త్రాగవద్దని మేము చెప్పుట లేదు. గింజ యెచ్చటిదో అడుగుడని చెప్పుచున్నాము. ఏలూరు తోట మనకు ఒక పగటి రైలుప్రయాణపు దూరము. పోయి చూడవచ్చును, ఆ చెట్టుక్రింద ఎవరు పనిచేయుచున్నారో కన్నులార కనుగొనవచ్చును. దూరదేశపు గింజవిషయమున మనకు ఆ వీలు లేదు.

డబ్బాను గురించి ఎక్కువ చెప్పము. తల్లిదండ్రులు ఒక్క పని చేసిన చాలును: డబ్బా వెనుకభాగమున సన్నని అక్షరములలో నుండు పదార్థముల పట్టికను చదువవలెను. బరువున ఎక్కువైనది ముందు, తక్కువైనది వెనుక వచ్చునట్లు ముద్రింపవలెనని మన దేశపు నియమము. మా తరగతి విద్యార్థులు తమ యిండ్లనుండి తెచ్చిన ఖాళీడబ్బాలను వరుసగా పెట్టి చదువగా, పంచదార ముందును, కోకో ఎంతో వెనుకను కనబడెను. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్యశాఖవారు ఇట్టి పానీయములను ఆరోగ్యపానీయములను శీర్షికక్రింద అమ్మరాదని ఇంటర్నెట్టు అంగళ్లవారికి సూచన పంపిరి. ఏలయన 2006నాటి ఆహారచట్టమున ఆరోగ్యపానీయమనునది నిర్వచింపబడియే లేదు. కొందరు తల్లులు మాతో, “కోకోపొడి ధర మండిపోవుచున్నది, డబ్బాయే చౌక” యనిరి. కిలో లెక్కన నిజమే. కాని డబ్బాలోని పంచదారను వేరుచేసి తూచినచో, మనము పంచదారను చాకొలేటు ధరకు కొనుచున్నామని తేలును.

ఇప్పుడు కాచు విధానము. మేము మొదటిమారు కాచినది పాడైపోయినదని ముందుగా ఒప్పుకొనుచున్నాము. వసతిగృహపు పెద్దగిన్నెలో పాలు తెర్లుచుండగా బెల్లపుగడ్డలు వేసితిమి. పాలు విరిగి, కోకో తేలి, గడ్డలు గడ్డలుగా నైనది. వంటచేయు ముసలమ్మ మమ్ము చూచి నవ్వి, “పాయసం ఎప్పుడూ కాయనేదేటి మేస్టారూ? పొయ్యి దించినాక కదా బెల్లం” అనెను. చదువుకొన్నవారమని అడుగక చేసినందుకు మాకు తగిన శాస్తియే. రెండవమారు ఆమెయే చేసెను, మేము వ్రాసికొంటిమి.

ఎనిమిది కప్పులకు లెక్క: పాలు ఒక లీటరు, నీరు అరలీటరు, చోడిపిండి నాలుగు పెద్దచెంచాలు, అనగా సుమారు 40 గ్రాములు, పంచదార కలియని కోకోపొడి 40 గ్రాములు, బెల్లము 100 గ్రాములు, పలాస జీడిపప్పు ముక్క 50 గ్రాములు, ఉప్పు చిటికెడు, శొంఠిపొడి అరచెంచా. జీడిపప్పు గుండుదే కానక్కరలేదు. పలాస, కాశీబుగ్గ అంగళ్లలో విరిగిన ముక్క చౌకగా దొరకును, రుబ్బునప్పుడు గుండునకును ముక్కకును భేదమేమి? ఐరోపావారు మీగడతో తెచ్చుకొను చిక్కదనము మనకు ఈ పప్పుతో వచ్చును. దానిని గోరువెచ్చని నీటిలో రెండుగంటలు నానబెట్టి వెన్నవలె రుబ్బి యుంచవలెను.

బెల్లమును పావులీటరు నీటిలో వేరుగా కరిగించి, ఒక పొంగు రానిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి చల్లార్చవలెను. మిగిలిన పావులీటరు నీటిలో సగము చల్లగానే చోడిపిండిలో పోసి, ఉండ లేకుండ చేతితో కలుపవలెను. వేడినీటిలో పిండి చల్లినచో ఉండకట్టక మానదు. తక్కిన సగమును మరిగించి, కోకోపొడిమీద కొంచెముకొంచెముగా పోయుచు నల్లని ముద్దగా మెదుపవలెను. కోకోపొడిని తిన్నగా పాలలో చల్లుట వలదు. అది తడవక పైన తేలును. పాలను పొయ్యిమీద పెట్టి, వెచ్చబడగానే చోడినీటిని సన్నని ధారగా పోసి, అడుగంటకుండ గరిటెతో త్రిప్పుచు, సెగ తగ్గించి పది పండ్రెండు నిమిషములు కాగనీయవలెను. పచ్చివాసన పోయి, గరిటె వెనుక పలుచని పూతవలె నిలిచినప్పుడు కోకోముద్ద, జీడిపప్పు ముద్ద, ఉప్పు, శొంఠి వేసి మరి మూడు నిమిషములు ఉంచవలెను. అప్పుడు గిన్నె దించవలెను. దించి, అయిదు నిమిషములు ఆగి, చల్లారిన బెల్లపునీటిని పోయవలెను. పిదప కవ్వమును రెండుచేతుల త్రిప్పుటయో, రెండు చెంబులతో ఎత్తునుండి తిరగబోయుటయో చేసినచో నురుగు వచ్చును. ఇది పిల్లలకు అప్పగింపదగిన పని, నేలమీద కొంత ఒలికినను సరే.

బెల్లము ముదురురంగుది మేలు. మిక్కిలి పసుపుపచ్చగా మెరయునట్లు మందులు వేసి తెల్లబరచిన బెల్లము బజారున గలదు. కంటికి ఇంపేకాని మేము దానిని కొనము. తాటిబెల్లము దొరకినచో రుచి మరియొక విధముగ, కొంచెము పొగవాసనతో నుండును; మాకు అదియే నచ్చినది, పిల్లలలో సగముమందికి నచ్చలేదు.

గింజనుండియే చేయదలచువారికి సెలవులలో ఒక పూట పని గలదు. ఎండిన గింజలను నూరు గ్రాములు దళసరి యినుపమూకుట పోసి, చిన్నసెగమీద అరగంటసేపు వేరుసెనగలవలె వేయింపవలెను. నడుమ చిటచిట శబ్దము వినవచ్చును, పులుపువాసన పోయి కాల్చిన రొట్టెవాసన వచ్చును. మాడినచో చేదు తప్ప మరేమియు మిగులదు. చల్లారినపిమ్మట నలిపి, పొట్టును చేటతో చెరగవలెను. ఇది మా నాయనమ్మల విద్య. విద్యార్థులలో చెరుగుట వచ్చినవారు ముగ్గురే కనబడిరి, వారు ముగ్గురును పల్లెలవారే, ఆ దినమున తరగతికి వారే గురువులైరి! పొట్టు పోగా డెబ్బది యెనుబది గ్రాముల పలుకు మిగులును. రుబ్బురోలును మధ్యాహ్నపుటెండలో పెట్టి వెచ్చజేసి, నీటిచుక్క తగులనీయక నూరవలెను. మొదట పొడి, పిదప తడియిసుక, ముప్పావుగంటకు మెరయు ముద్ద. మిక్సీలోనైతే నడుమనడుమ ఆపుచు నూరవచ్చును. పై లెక్కలోని కోకోపొడికి బదులు ఈ ముద్ద అంతయు వేయవచ్చును. పొడిలో లేని కమ్మదనము దీనిలో నుండును. ఏలయన 1828లో హాలండువాడైన వాన్‌హౌటెను కనిపెట్టిన యంత్రముతో కొవ్వును పిండివేసిన పిమ్మట మిగిలిన పిప్పినుండియే పొడి వచ్చినది. ఈ ముద్దలో ఆ కొవ్వంతయు గలదు.

ఒకరు మమ్ము ఆక్షేపించిరి: “ఇది చాకొలేటు కాదు, అంబలికి రంగు వేయుటయే.” మేము పైన చెప్పిన మెక్సికో సంగతి వారికి చెప్పితిమి. వారు, “అయినచో చాకొలేటే అంబలికి వచ్చిన రంగు కాబోలు” ననిరి. అట్లన్నను మాకు అభ్యంతరము లేదు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాములకు తక్కువకాని సున్నపుధాతువు గలదు. బియ్యమున అందులో ఇరువదవ వంతైనను లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు పట్టణములలో చోడిబిస్కత్తులు, చోడికేకులు బయలుదేరినవి. విజయనగరమున చోళ్ల వంగడములపై పరిశోధనచేయు వ్యవసాయక్షేత్రము ఎన్నో యేండ్లుగా నున్నది. ఇంత యున్నను పల్లెబాలుడు పిండిసంచిని దాచుకొనుచుండుట మనకు చిన్నతనము కాక వానికి చిన్నతనమా?

కొన్ని హెచ్చరికలు చెప్పక తప్పదు. బెల్లము పంచదారకు దగ్గరి చుట్టమే. బెల్లమనగానే ఎంతయైనను త్రాగవచ్చునను భ్రమ మనవారిలో గలదు. మా లెక్కచొప్పున కప్పునకు పండ్రెండు గ్రాములు పడును. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు దినమునకు 25 గ్రాములకు లోబడియుండుట మేలని చెప్పుచున్నారు; కావున రెండవ కప్పు అడుగు పిల్లవానికి రేపు ఇచ్చెదమని చెప్పవలెను. మధుమేహము గల పెద్దలు దీనిని రుచి చూచి ఊరకుండుట మంచిది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మున్నగు ఉద్దానపు ఊళ్లలో మూత్రపిండముల జబ్బు ఎన్ని కుటుంబములను కూల్చినదో మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై ప్రత్యేకపరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియును తెరవవలసివచ్చెను. కోకోలోను, చోళ్లలోను, జీడిపప్పులోను పొటాషియము, భాస్వరము అధికముగా గలవు. ఆరోగ్యవంతునికి మేలుచేయు నవియే ఆ రోగికి కీడు చేయవచ్చును. అట్టివారున్న యింట వైద్యుని అడుగక ఈ పానీయమును వారికి ఇయ్యరాదు. పిల్లలు ఇంటికి పోయి, “బడిలో మంచిదని చెప్పిరి” యని తాతకు కప్పు అందింపకుందురు గాక.

ఉద్దానపు కొబ్బరితోటలలోను కోకో వేయవచ్చునా యని ఒక విద్యార్థి మమ్ము అడిగెను. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను ఆ తోటలను నేలగూల్చినప్పుడు వాని తండ్రి చెట్లును పోయినవట. కోకోకు నీడయు, వేసవిలో విడువని తడియు కావలెనని మాత్రము మేమెరుగుదుము. తక్కినది ఉద్యానశాఖవారిని అడుగుమని పంపితిమి. వాడు ఉత్తరము వ్రాసియున్నాడు. జాబు వచ్చినచో వచ్చే సంచికలో ప్రకటింతుము.

ఇక ఈ డిసెంబరు సంగతి. సెలవులకు ముందటి శుక్రవారము సాయంకాలము వసతిగృహపు వంటశాలలో మరల కాచుటకు ఏర్పాటైనది. కోకోగింజలు పాఠశాల తెప్పించును. చోడిపిండి మాత్రము అంగడినుండి కొనము. క్రిందటి యేట సంచి దాచిన బాలుడు, ఈ యేట తల్లికి తానే ఫోనుచేసి అయిదు కిలోలు విసరి పంపుమని చెప్పినాడు. “మరీ మెత్తగా వద్దమ్మా, కొంచెం గరుగ్గా ఉండాల” యని చెప్పుట మేము నడవలోనుండి వింటిమి. గరుకు మంచిదా మెత్తన మంచిదా యను విషయమున వంటచేయు ముసలమ్మకును వానికిని భేదాభిప్రాయము గలదు. రెండు గిన్నెలు వేరువేరుగా కాయబడును. వచ్చువారు ఎవరి కప్పు వారు తెచ్చుకొనవలెను. రుబ్బురోలును ఇచ్చెదమన్నవారు దానిని రెండు దినములు ముందుగా కడిగి, ఎండలో బాగుగా ఆరబెట్టి పంపుడు. క్రిందటిమారు ఇడ్లీపిండి వాసన మిగిలియుండి, మొదటి వాయి కోకోముద్ద పారబోయవలసివచ్చెను.